అమ్మవారిశాల నుంచి ఒక కేకు ముక్క

డబ్బా ఇంకా చల్లగానే ఉంది. ఒడిలో పెట్టుకుంటే అడుగున చెమ్మ పట్టి ప్యాంటు తడిసి, ఆ చలి ఎముకల్లోకి దిగుతున్నట్లుంది. దిగడం లేదు. చలి ఎక్కడికీ దిగదు, నా ఒంట్లోని వేడే డబ్బాలోకి పోతోంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నంద్యాలలో ఇంటర్ పిల్లలకు ఈ మాట చెప్పాను. వాళ్ళు రాసుకున్నారు, పరీక్షల్లో రాశారు, ఇళ్ళకు పోయి చలి దిగుతోందనే అన్నారు. ఆళ్ళగడ్డ బస్టాండు వెనకబడింది. పల్లెవెలుగు బస్సు, ఆడవాళ్ళకు టికెట్టు లేదు గనక సీట్ల నిండా వాళ్ళే, వాళ్ళ సంచులే, పూలే. కండక్టరు నా దగ్గర చిల్లర తీసుకుంటూ, “మగపుట్టుక పుట్టినందుకు జుల్మానా సారూ ఇది,” అన్నాడు. ముందు సీటులో ఇద్దరు నవ్వారు. నా పక్కన కిటికీ దగ్గర కూర్చున్న నా కూతురు హిమజ కూడా నవ్వింది. ఇంకా తడి ఆరని జడ, చేతిలో ఫోను, ఫోను తెర మీద ఒకదాని వెంట ఒకటి వస్తున్న సందేశాలు. గంట ప్రయాణం. నంద్యాల చేరేలోపల నేనొక ప్రశ్న అడగాలి, లేదా ఈ డబ్బా మూత తీసి చూడాలి. రెండూ చేయకుండా దిగిపోతే, ఇన్నేళ్ళూ నేను ఎవరి గుడ్డినమ్మకాన్ని చూసి జాలిపడ్డానో వాళ్ళ వరసలో పోయి కూర్చుంటాను.

ప్రశ్న చిన్నది. శ్రీనివాసులు శెట్టి షష్టిపూర్తికి నువ్వు చేసిచ్చిన కేకులో గుడ్డు కలిపావా, లేదా? అంతే. ప్రపంచంలో ఇంతకన్నా బరువైన ప్రశ్నలున్నాయి. ఇది మాత్రం నా ఇంటిని మోస్తున్న ప్రశ్న. అల్లుడు దినేశ్ విత్తనాల వ్యాపారం మునిగినప్పటి నుంచీ, కరోనాలో హిమజ పంతులమ్మ ఉద్యోగం ఊడినప్పటి నుంచీ ఆ ఇల్లు ఒక ఓవెన్ మీద నడుస్తోంది. సంజీవనగర్‌లో మా ఇంటి వెనకగదిలో పెట్టిన ఓవెన్. అందులో కాలేవి కేకులు, జొన్నపిండి బిస్కెట్లు, బెల్లం వేసిన కొర్రబిస్కెట్లు. కొనేవాళ్ళలో సగానికి పైగా శెట్ల ఇళ్ళవాళ్ళు. నంద్యాలలో వాళ్ళే, ఆళ్ళగడ్డలో వాళ్ళే. గుడ్డు తగలని చేతి కేకు అని ఒక ఇంటివాళ్ళు ఇంకొక ఇంటికి చెప్పుకుంటే పెరిగిన బేరం. మేం గుడ్డు తినే ఇంటివాళ్ళం. అందుకే ఆ గదిలోకి గుడ్డు రాకూడదని మొదటి రోజే నేను నియమం పెట్టాను. గుడ్డు తినడం పాపం కాదని నాకు నిశ్చయంగా తెలుసు. తిననని చెప్పిన మనిషికి తెలియకుండా తినిపించడం మోసమని అంతకన్నా నిశ్చయంగా తెలుసు. ఈ రెంటి మధ్య నాకు ఎన్నడూ తగువు కనిపించలేదు. షష్టిపూర్తినాడు మూడంతస్తుల కేకు కోసి, మొదటి ముక్క నోట్లో పెట్టుకున్న శెట్టి భార్య రాజేశ్వరమ్మ ఆ ముక్కను అరచేతిలోకి ఉమ్మి, “ఇది నీచు కొడతాంది,” అన్నదట. అంతే. ఆ మాట సాయంత్రానికి సిరివెళ్ళ దాటింది, తెల్లవారేసరికి నంద్యాల చేరింది, ఆ వారంలో ఓవెన్ చల్లబడింది. పుట్టినరోజులు ఆగలేదు, కేకులు ఆగాయి.

వాసన ఒక రుజువేనా? మనిషి ముక్కు ఎంత మోసపోతుందో నాకు తెలుసు. గంధకపు ఆవిరిని చూపించకుండానే, సీసా మూత తీస్తున్నానని చెబితే చాలు, వెనక బెంచీల వాళ్ళు ముక్కులు మూసుకునేవాళ్ళు. ఆ సీసాలో మంచినీళ్ళుండేవి. అనుమానం ముందు పుడుతుంది, వాసన తరువాత వస్తుంది. ఇదే నేను శెట్టి ఇంటికి పోయి చెప్పాను. మిగిలిన ముక్క ఉంటే ప్రయోగశాలకు పంపిద్దామన్నాను. శెట్టి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మర్యాదగా విన్నాడు. “ల్యాబు కాయితం యాడన్నా పుట్టిచ్చుకోవచ్చు సారూ. కర్పూరం పుట్టిచ్చుకోలేం గదా. బిడ్డను అమ్మవారిశాలకు రమ్మనండి. ఆకులో కర్పూరం ఎలిగిచ్చి, గుడ్డు ఎయ్యలేదని మూడుమాట్లు చెప్పి ఆర్పమనండి. మాకంతే చాలు,” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ప్రమాణం రుజువు కాదని ఎన్ని ఊళ్ళలో చెప్పానో, దొంగతనం మోపిన కూలీ చేత సలసల కాగే నూనెలో చెయ్యి పెట్టించబోతే అడ్డుపడి ఎంతమందితో తిట్లు తిన్నానో, అన్నీ చెప్పాను. ఇంటికి వచ్చి హిమజకూ చెప్పాను. ఆమె పిండిజల్లెడ కడుగుతూ, “నేను పోతా నాయనా,” అంది. అంత తేలికగా అంది. ఆ తేలికను నేను నిర్దోషి ధైర్యమనుకున్నాను.

పొలాల్లో వరి పాలు పోసుకుంటోంది. కాలువ పక్కన కొంగలు. ఎండ ఏటవాలుగా బస్సులోకి వచ్చి హిమజ కుడిచేతి మీద పడింది. అరచేతి నడుమ కర్పూరపు మసి, చిన్న మచ్చ, చీరకొంగుతో తుడిచినా పోలేదు. మధ్యాహ్నం ఆ చేత్తోనే కర్పూరం ఆర్పింది. శెట్ల కులదేవత గుడి, ఆ అమ్మవారిశాల నిండా జనం. స్తంభాల మధ్య జంపఖానా పరిచి పెద్దమనుషులు కూర్చున్నారు, వెనక ఆడవాళ్ళు. ఆ కేకులో చివరి ముక్కను రాజేశ్వరమ్మ ఇన్నాళ్ళూ దాచింది, ఇంటి ఫ్రిజ్‌లో కాదు, అంగట్లో ఐస్‌క్రీముల ఫ్రీజర్‌లో, ఈ ప్లాస్టిక్ డబ్బాలో. దాన్ని తెచ్చి అమ్మవారి గడప ముందు పెట్టారు. పూజారి దాని మీద కూడా ఇంత కుంకుమ చల్లాడు. నిందితురాలికి కుంకుమ, నేరానికి కుంకుమ. హిమజ నెత్తిన నీళ్ళు పోసుకొని తడిచీరతో వచ్చి నిలబడింది. అప్పుడు శెట్టికి ఒక సందేహం వచ్చింది. “ఈశ్వరయ్యని పేరు పెట్టుకోని ఈశ్వరుడు లేడని ఊరూరా చెప్పినోడు ఈయప్ప. ఈయప్ప కూతురు ప్రమాణం చేస్తే అమ్మవారికే నవ్వొస్తాది,” అన్నాడు. జనం గొల్లుమన్నారు. రాజేశ్వరమ్మ నవ్వలేదు. “నమ్మనోళ్ళ చేతిలో కర్పూరమైతే ఏంది, పటికబెల్లమైతే ఏంది? ఆ ప్రమాణం ఎట్ల చెల్లుతాది?” అని అడిగింది. నా ఉపన్యాసాలన్నిటిలో సభ నుంచి ఇంత గట్టి ప్రశ్న ఒక్కటి రాలేదు. ఆమే మళ్ళీ అంది. “సారును చెప్పమనండి. కర్పూరం తర్వాత. పెండ్లిళ్ళలో గూడా దేముడికి దండం పెట్టడీయన, మాటవరసకు గూడా పెట్టడు. అట్లాంటోడు కూతురి కోసమని అబద్ధమాడడు.”

నేను లేచాను. నాకు గర్వం కలిగిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. దేవుడి ఇంట్లో, దేవుడి మనుషుల మధ్య, నమ్మనివాడి మాటకు సాక్ష్యం విలువ కట్టారని గర్వం. “నాకు తెలిసినంతవరకు, మా హిమజ ఆ కేకులో గుడ్డు వేయలేదు,” అన్నాను. నాకు తెలిసినంతవరకు అనే మాట నా వృత్తి నాకు ఇచ్చిన అలవాటు. ఏ వాక్యానికైనా దాని హద్దు దానికి కట్టాలి. సరిగ్గా ఆ మాట దగ్గరే ఎవరి చంకలోని పసివాడో గంట లాగాడు. గంట మోత తగ్గేసరికి జనానికి వినిపించినది మిగిలిన సగమే. నేను మళ్ళీ చెప్పలేదు. మళ్ళీ చెబితే బాగుండదనిపించింది. ఆ తరువాత హిమజ తమలపాకు మీద కర్పూరం పట్టుకొని మూడుసార్లు చెప్పి, ఆర్పి, గడపకు నమస్కారం కూడా పెట్టింది. నమస్కారం ఎక్కడ నేర్చుకుందా అనుకున్నాను.

కర్పూరం నేర్పింది నేనే. సెలవుల్లో పాణ్యం చుట్టుపక్కల పల్లెలకు, మహానంది దారిలోని ఊళ్ళకు పోయి, రచ్చబండ దగ్గర బల్ల వేసి, బాబాల గుట్టు విప్పేవాళ్ళం. సున్నపునీళ్ళూ పసుపూ కలిపి నెత్తురు, గాలిలోంచి విభూతి, అరచేతిలో మంట. నాకు ఎవరూ సాయం రాకపోతే తొమ్మిదేళ్ళ హిమజ వచ్చేది. కర్పూరం బిళ్ళ మంట పైకి పోతుంది, అడుగు అంతగా వేడెక్కదు, చెయ్యి తడిగా ఉంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మారుస్తూ ఉంటే కాలదు, కాలబోతుందనిపించగానే ఊదెయ్యాలి. పిల్ల రెప్ప వేయకుండా చేసేది. ఆడవాళ్ళు గుండెల మీద చేతులు వేసుకునేవాళ్ళు. అప్పుడు నేను అడిగేవాణ్ణి: ఈ పాప నిజం చెప్పినందుకు కాలలేదా, అబద్ధం చెప్పినందుకు కాలలేదా? ఏదీ కాదు, నిప్పుకు మాటలు వినపడవు. చప్పట్లు. నిప్పుకు మాటలు వినపడవు అన్న ముక్క ఆ పిల్లకు ఎంత నచ్చిందో, ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని దానితో అబద్ధాలు చెప్పి నవ్వుకునేది. రెండు రెళ్ళు ఐదు. నెమలికి నాలుగు కాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. దేవుడికి భయపడకుండా కూడా మనిషి నిజం పలకగలడని లోకానికి చూపించే రుజువుగా ఆమెను పెంచుతున్నాననుకున్నాను. ప్రయోగంలో నేను చూడవలసిన రెండో భాగం ఒకటుంది. భయం తీసేశాక ఏం మిగులుతుందో.

కేకు నేర్పింది కూడా నేనే, లేదా అలా అనుకోవడం నాకు ఇష్టం. ఓవెన్ లేని రోజుల్లో, పెద్ద అల్యూమినియం గిన్నెలో ఇసుక పోసి, దాని మీద చిన్న గిన్నె పెట్టి, మూత వేసి, కాలేజీ నుంచి తెచ్చిన థర్మామీటరు మూత కన్నంలో దూర్చి, నేనూ ఆమే కాపలా కాసేవాళ్ళం. మైదా, పెరుగు, వంటసోడా, కాస్త నిమ్మరసం, డబ్బాపాలు. పెరుగులోని ఆమ్లం సోడాతో కలిస్తే వాయువు పుడుతుంది, వాయువు పిండిని లేపుతుంది, వేడికి పిండి బిగుసుకొని ఆ బుడగలను పట్టుకుంటుంది. గుడ్డు లేకుండా కేకు పొంగడం ఒక చిన్న విజయం. ఎంత పెరుక్కి ఎంత సోడా అన్నది నేను లెక్కగట్టి ఇచ్చాను, రుచి ఆమె సరిచేసింది. తరువాత ఈ బేరం మొదలైనప్పుడు, ఆ లెక్కే ఆమెకు పెట్టుబడి అని నలుగురిలో చెప్పుకున్నాను కూడా. గుడ్డులేని కేకులో ఉన్న చిక్కు నాకు తెలియనిది కాదు. అది చిన్నగా ఉన్నంతసేపు బాగుంటుంది. పెద్దదైతే, ఎత్తయితే, నంద్యాల ఎండలో జీపు ఎక్కి గతుకుల్లో పోవలసివస్తే, నడుమ కుంగుతుంది, కోస్తే పొడి రాలుతుంది. శెట్టి షష్టిపూర్తి కేకు మూడంతస్తులు. అది ఆళ్ళగడ్డ దాకా నిటారుగా వచ్చింది. ఫోటోలో చూసి, నా లెక్క ఎంత బాగా పనిచేసిందని అనుకున్నాను. ఆనాడే అనుమానించవలసింది. తనకు అనుకూలంగా వచ్చిన ఫలితాన్ని ఎవడూ రెండోసారి పరీక్షించడు. ఇదీ నేను పాఠం చెప్పిన మాటే.

ప్రమాణం అయ్యాక రాజేశ్వరమ్మ ఈ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. “అనుమానం పాయె సారూ. మీ బిడ్డ చేసింది, మీరే తినుకోండి. డబ్బా తిరిగియ్యాల్సిన పన్లేదు,” అంది. అనుమానం పోయింది, డబ్బా మాత్రం ఇంటికి అక్కర్లేదు. నమ్మకానికి, శుద్ధికి ఆమె వేరువేరు గూళ్ళు పెట్టుకున్నది. నాకు ఆమె మీద కోపం రావడం లేదు. ఈ బస్సులో ఉన్నవాళ్ళందరిలో రుజువు ఒడిలో పెట్టుకొని కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే, మూత మీద వేలు పెట్టి తీయకుండా ఉన్నవాణ్ణీ నేనే. ఎందుకు తీయను? చూడనంతవరకు ఆమె నిర్దోషి గనక. ఈ వాక్యాన్ని ఇంకెవరైనా నా ఎదుట అని ఉంటే ఎలా నవ్వేవాణ్ణో నాకు తెలుసు. తెర తీయకండి, స్వామి లోపల ఉన్నాడు.

తీశాను. హిమజ ఫోనులో ఎవరికో, “ఆ అక్కా, శనివారానికి ఇస్తా, రెండు కేజీలదే గదా,” అంటున్నది. ముక్క కరిగి మెత్తబడింది. పైన గులాబిరంగు క్రీములో సగం పువ్వు. కోసిన పక్కన చూశాను. సన్నటి కళ్ళు, ఒకే తీరుగా, తేనెపట్టులా. నా లెక్కతో చేసిన కేకుకు కళ్ళు చిన్నా పెద్దా ఉంటాయి, అడుగున బిగుసుకొని ఉంటుంది. చూపుడువేలితో నొక్కి వదిలాను. నొక్కిన చోటు మెల్లగా పైకి లేచి, మునుపటిలా నిలబడింది. పొడి రాలలేదు. గుడ్డులోని మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి అల్లుకున్న వల తప్ప ఇలా ఇంకేది లేస్తుందో నాకు తెలియదు. అయినా ఒక వేలి నొక్కుడు రుజువు కాదని, పదార్థం మారి ఉండవచ్చని, బజారులో ఏవేవో పొడులు వస్తున్నాయని నా బుర్ర పరుగెత్తుతోంది, పారిపోతున్నవాడి పరుగు. తలెత్తితే హిమజ ఫోను ఒడిలో పెట్టి నన్నే చూస్తోంది.

“చూసినావు గదా. ఇంగ అడుగు,” అంది.

“నువ్వే చెప్పల్ల.”

“ఏసినా.” గొంతు తగ్గించింది, తల తిప్పుకోలేదు. “ఎండాకాలం నుంచి పెద్ద కేకులన్నిటికీ ఏస్తాండా. బిస్కెట్లకు లేదు.”

బిస్కెట్లకు లేదు. నాకు నవ్వు వచ్చింది, అది నవ్వు కాదు. “మీ అమ్మకు తెలుసా?”

“గుడ్లు గిలక్కొట్టిచ్చేది అమ్మే. నీ కేకు కర్నూలు దాకా ఒకటి పోయినాది నాయనా, ఆడికి పోయేసరికి గంజి మాదిరి కూలిపాయె. వాళ్ళు ఇంగ పిలవలా. నీకు చెప్తే పెరుగు ఇంగ రోంత పెంచమంటావు.”

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“చెప్పింటే ఈ పొద్దు నువ్వు ఆడ అట్ల మాట్లాడేవానివా?” ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. “ఆయమ్మ కర్పూరం దిక్కు చూడనే లేదు, గమనిచ్చినావా? నిన్నే చూస్తాండె. నువ్వు నమ్మినావు కాబట్టి వాళ్ళు నమ్మిరి. నీకు అబద్ధం చెప్పేకి రాదు. అందుకే నీకు నిజం చెప్పలా.”

నేనేదో అనబోయాను. ఆమే అందుకుంది. “గుడ్డులో ఏముందని నువ్వే గదా, బడిపిల్లోళ్ళకు పెట్టల్లని మైకులో అరిస్తివి. అబద్ధమాడితే అమ్మవారు కండ్లు తీస్తాదని నాకు ఎప్పుడన్నా చెప్పినావా? తీయదని చెప్పినావు. తీయలా. ఇంట్లో పిల్లోళ్ళుండారు నాయనా, ఆ ఓవెన్ మల్లా ఎలగల్ల. నేను ఇంతకంటే ఆలోచన చెయ్యలేదు.”

ఆమె మాటల్లో తర్కదోషం వెతుకుతున్నాను. ఒకటుంది, పెద్దదే ఉంది: అమ్మవారు కళ్ళు తీయదు గనకనే మనం మరింత జాగ్రత్తగా ఉండాలని, శిక్ష లేనిచోట మాట ఒక్కటే మనుషుల మధ్య మిగిలిన తాడని, తెలియకుండా తిన్న రాజేశ్వరమ్మ ముక్కు ఒక్కటే ఈ కథలో నిజం పలికిందని. ఆ రాజేశ్వరమ్మకు నేను గంధకపు సీసా కథ చెప్పి వచ్చాను. ఆమె ముక్కును ఆమె చేతనే అనుమానింపజేశాను. ఇదంతా హిమజకు చెప్పాలి, చెప్పగలను, మాటలు వరసగా సిద్ధంగా ఉన్నాయి. ఇవి ఎప్పుడు చెప్పవలసిందో ఆ కాలం దాటిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లకు నిప్పు గురించి చెప్పాను, మాట గురించి చెప్పలేదు. అది చెప్పకుండానే వస్తుందనుకున్నాను. నన్ను బాధిస్తున్నది అబద్ధం కాదేమో. నా నిజాయితీని వెలిగించి, ఆకు మీద పెట్టి, జనానికి చూపించి, పని అయ్యాక ఆర్పేశారు. చెయ్యి కాలకుండా.

సిరివెళ్ళలో బస్సు ఆగింది. జనం దిగారు, ఎక్కారు. “సారూ! హిమజా! మీరేనా!” అంటూ వెంకటలక్ష్మమ్మ వచ్చింది. నంద్యాలలో మా వీధి చివర నూనెకొట్టువాళ్ళ పెద్దావిడ. చెల్లెలి ఇంటికి వచ్చి తిరిగి పోతున్నదట. హిమజ లేచి, “ఇట్ల కిటికీ పక్కకు రా నాయనా,” అని నన్ను లోపలికి జరిపి, తను నడుమ కూర్చుని, ఆమెకు చివరి చోటు ఇచ్చింది. నేను డబ్బాకు మూత పెట్టి జరిగాను, చెప్పినట్లు వినే ముసలివాడిలా.

“గెలిచినావంట గదమ్మా. అప్పుడే ఫోన్లొచ్చినాయి. నాకు ముందే తెలుసు, ఆ బిడ్డ అట్ల చెయ్యదు అంటాంటి.”

“మీరే గదా పెద్దమ్మా, మీ మనవరాలు యామిని పుట్టినరోజుకు కేకు వద్దని చెప్పింది?” హిమజ నవ్వుతూనే అంది.

“నేను చెప్పినానా? చెప్పింటాలే. ఊరంతా ఔనంటాంటే నేనొక్కదాన్ని కాదంటే యాడ నిలుస్తాది? మా కోడలే ఎగిరింది. దానికి నోరెక్కువ, ముక్కు తక్కువ.” తన మాటకు తనే నవ్వి, ముందుకు వంగి నన్ను చూసింది. “ఆ డబ్బాలో ఏంది సారూ, అంత భద్రంగా పట్టుకోనుండారు?”

“ఆ కేకే,” అన్నాను. అడిగిన దానికి ఉన్నది చెప్పడం నాకు శ్వాసలాంటిది, ఆలోచన దాన్ని అందుకోలేకపోయింది.

“ఆ కేకంటే? అమ్మవారి ముందర పెట్టిందా?” ఆమె చెయ్యి చాపి మూత మీద మిగిలిన కుంకుమను వేలికి అద్దుకొని నుదుట పెట్టుకుంది. “అయ్యో, అట్లయితే ఇది ప్రసాదమే గదా. రోంత పెట్టండి సారూ.”

హిమజ కదలలేదు. ఆమె మోకాలు నా మోకాలికి తగులుతోంది, రాయిలా ఉంది. ఆమె నా వైపు చూడలేదు. చూస్తే బతిమాలినట్లవుతుందని కావచ్చు, చూడనవసరం లేదని కావచ్చు. వెంకటలక్ష్మమ్మ నన్ను చూస్తోంది. “తినొచ్చు గదా సారూ? మా ఇంట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ గూడా తినం, మీకు తెలుసు. మా నాయన పోయేటప్పుడు డాక్టరు గుడ్డు పెట్టమంటే గూడా వద్దన్నాడు, నోరు మూసుకోనే పోయినాడు. మీరు చెప్తే చాలు. మాకు మీ మాటుంటే కర్పూరం గూడా పన్లేదు.”

ఆమె శరీరానికి ఏమీ కాదు. ఈ ముక్కలో ఉన్నది ఆమెను బలపరుస్తుందే గాని చెరచదు. ఏ నరకమూ లేదు, ఏ కళ్ళూ పోవు. ఇవన్నీ నిజాలు. ఇన్ని నిజాలు ఒకే అబద్ధం కింద ఆసరాగా నిలబడడం నేనెన్నడూ చూడలేదు. ఆమె నాయన నోరు మూసుకొని పోవడం కూడా ఒక నిజమే. ఆ మూసిన నోటిని నేను మూర్ఖత్వమని అనేవాణ్ణి, ఈ క్షణాన దాని ముందు నిలబడలేకపోతున్నాను. ఒక్క మాట చాలు. వద్దమ్మా. ఆ మాట అంటే సాయంత్రానికి నంద్యాల చేరుతుంది, రేపు ఆళ్ళగడ్డ చేరుతుంది, అమ్మవారి ముందు కర్పూరం ఆర్పి అబద్ధమాడిన మనిషిగా నా కూతురు ఈ రెండు ఊళ్ళలో బతకవలసివస్తుంది. ఓవెన్ సంగతి తరువాత. అనకపోతే, ఈ పెద్దామె అడగనిది ఏదో ఆమె నోట్లోకి నా చేతుల మీదుగా పోతుంది. నాకు తెలిసినంతవరకు అనే మాట వెతికాను. ఇప్పుడు దానికి చోటు లేదు. తెలుసు.

“తినండమ్మా,” అన్నాను.

మూత తీసి పట్టుకున్నాను. ఆమె చిటికెడంత తుంచి, కళ్ళకు అద్దుకొని, నోట్లో వేసుకొని, కళ్ళు మూసుకుంది. నేను ఆమె ముక్కు వైపు, నొసలు వైపు చూస్తున్నాను. ఉమ్ముతుందేమోనని, ఉమ్మితే బాగుండునని. ఆమె గొంతు కదిలింది. “ఎంత మెత్తగుందమ్మా హిమజా! అంగట్లో తెచ్చేది ఇసక మాదిరి రాలిపోతాది. యామినికి ఇట్లాంటిదే చెయ్యి, రెండంతస్తులది,” అంది. హిమజ సరేనంటూ ఫోను తీసింది. ఆమె మోకాలు మెత్తబడింది; నాకు తెలిసింది.

పొలాలు అయిపోయి ఇళ్ళు మొదలయ్యాయి. బియ్యం మిల్లుల గోడలు, సిమెంటు కొట్లు, ఎవరి పెళ్ళివో రంగుల బోర్డులు. వెంకటలక్ష్మమ్మ కొంగు సర్దుకుంటూ మళ్ళీ నా వైపు వంగింది. “ఆ మిగిలింది గూడా ఇచ్చేయండి సారూ. ఇంట్లో అందరికీ తలా రోంత పెడతా. మా కోడలికి ముందు పెడతా, నోరు మూతపడ్తాది.”

హిమజ ఈసారి నా వైపు చూసింది. ఆ చూపులో అడగడం లేదు, ఆపడం లేదు. నేనేం చేస్తానో చూసే కుతూహలం మాత్రం ఉంది, బల్ల దగ్గర నిలబడిన పిల్లకు ఉండే కుతూహలం. డబ్బా మూత నాలుగు మూలలా నొక్కి బిగించాను. రెండు చేతులతో పట్టుకొని, హిమజ మీదుగా అందించాను. ఆవిడ చెప్పులు విడిచి, ఎడమచేతి మీద కుడిచెయ్యి పెట్టి, తల వంచి తీసుకుంది.